తాడు అటువైపు

ఎండను బట్టి, మనిషిని బట్టి మారే గోడలు కట్టాలని పట్నంలో ఆర్కిటెక్చర్ చెప్పే ప్రొఫెసర్ గారొకరు ఇరవై ఏళ్లుగా బోధిస్తున్నారట. తిరువూరులో మా వీధి చివర చిన్న లైబ్రరీ కట్టినప్పుడు ప్లాను ఆయనే గీశారు. పడమటి వైపు గోడకు బదులు వెదురు తడికలు పెట్టించారు. తాడు లాగితే లేస్తాయి, వదిలితే దిగుతాయి. “చదువుకునేవాళ్లే తమ గదిని తమకు కావలసినట్టు మార్చుకుంటారు” అని ప్రారంభం రోజున అన్నారు. ఆ మాట నచ్చి డైరీలో రాసుకున్నాను.

ఆడవాళ్ల గదికీ మగవాళ్ల గదికీ మధ్య చెక్క అడ్డం ఉంది. మా తడికల తాడు మాత్రం దానికి అవతల, మగవాళ్ల వైపు మేకుకు కట్టారు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సూటిగా పుస్తకం మీద పడేది. తాడు వదలమని అంతమంది మగవాళ్లలోకి కేకెయ్యాలి. ఎవరు వేస్తారు? వేసవి వచ్చేసరికి నేనూ, టైలరు గారి భార్యా మిగిలాం. ఆ గదిలో పాత పేపర్లు పడేస్తానని లైబ్రేరియన్ గారు అనడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలోనే ప్రొఫెసర్ గారు తడికలు ఎలా పనిచేస్తున్నాయో చూడ్డానికి వచ్చారు.

“బ్రహ్మాండం సార్. మనవాళ్లు రోజూ లాగుతూనే ఉంటారు” అన్నారు లైబ్రేరియన్ గారు అడ్డానికి అవతల.

“మరి ఆడవాళ్ల గది?”

“వాళ్లకి చదువు మీద ధ్యాస తక్కువండి. సీరియల్ పేజీలు చింపుకుపోవడానికి తప్ప రారు.”

టైలరు గారి భార్య నా మోచెయ్యి పొడిచింది. “వెళ్లు చెల్లీ. లేకపోతే రేపట్నించి మా కుట్టుమిషను పక్కన కూర్చుని చదవాలి మనం.”

మగవాళ్ల గది గుమ్మం దాకా వెళ్లాను. “సార్, మా తాడు మీ వైపు ఉందండి.”

ప్రొఫెసర్ గారు మేకు వైపు చూశారు, అడ్డం వైపు చూశారు. “అడిగితే వదిలేవారు కదమ్మా” అన్నారు.

ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మనిషి!

“అడగక్కర్లేదనే కదండీ మీరు కట్టింది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మర్నాడు వడ్రంగి వచ్చి తాడు మా వైపుకు మార్చాడు. గది మాకే ఉండిపోయింది. వారం తిరక్కుండా ఐదారుగురు ఆడవాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

“ఎంత శ్రద్ధ ఆ ప్రొఫెసర్ గారికి, చూడగానే కనిపెట్టేశారు” అంది వాళ్లలో ఒకావిడ, తడిక దించుతూ.

టైలరు గారి భార్య నా వంక చూసింది. నేనే చెప్పానని అనలేదు, పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.