నీళ్ళు మార్చి చూసిన సలహా

2005లో భీమవరంలో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వచ్చేది ఎక్కువగా ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. మధ్యాహ్నం వాళ్ళు క్లాసుల్లో ఉన్నంతసేపూ కుర్చీలు ఖాళీగా ఉండేవి. అలాంటి ఒక మధ్యాహ్నం సుబ్బరాజు గారు లోపలికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, “నెట్‌లో పోకర్ నేర్పుతారంటండి, నిజమేనాండి?” అని అడిగారు.

రిజల్టులు చూడమనీ, రైలు టికెట్లు తీయమనీ అడిగినవాళ్ళే గాని పేకాట నేర్పించమన్న మనిషి నాకు అంతకుముందు తగల్లేదు. నాకు ముక్కలాటంటే గిట్టదు. కొత్త విషయమంటే మాత్రం ప్రాణం లేచొస్తుంది. కూర్చోమన్నాను.

ఆయన రొయ్యల రైతు. తెల్లమచ్చ తెగులుకి వరసగా రెండు పంటలు పోయాయి. పక్క చెరువు రైతు ఈయన చెరువుని మూడేళ్ళకి లీజుకి ఇమ్మని వెంటపడుతున్నాడు. నెలాఖరున సంతకాలు పెట్టేసి, ఆ తర్వాత ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పోకర్ ఆడుకుంటూ బతకాలని ఈయన ఆలోచన.

“క్లబ్బులో రమ్మీకి నా ఎదురుగా కూర్చోవాలంటే జంకుతారండి. ఇదీ ముక్కలాటే గదండీ!” అన్నారు.

“ఇంట్లో మేడమ్ గారు ఏమన్నారండి?”

“ఆయ్, ఇంకా చెప్పలేదండి.”

ఆ జవాబుతో నాకు విషయం సగం అర్థమైంది.

ఆయనకి ఇంగ్లీషు చదవడం కొంత వచ్చు, రాయడం రాదు. అందుకని ఆయన చెప్పడం, నేను టైపు చేయడం. ఆ పనిలో నేనూ ఆట కొంచెం నేర్చుకున్నాను. చేతిలో రెండు ముక్కలు ఉంటాయి. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద అయిదు ముక్కలు పడతాయి. పందెం కాసే బిళ్ళలు చిప్స్. పందెం పెంచడం రెయిజ్. మనవల్ల కాదని ముక్కలు పడేసి తప్పుకోవడం ఫోల్డ్. ఆట ఇంతే. కొత్తవాళ్ళకి సలహాలు మాత్రం నెట్ నిండా కుప్పలు.

రెండు వారాల్లో మాకు ఇద్దరు గురువులు మిగిలారు. ఒకాయన సొంత వెబ్‌సైటు పెట్టుకున్నాడు, పైన పళ్ళన్నీ కనిపించే ఫోటో. నేను నవ్వులాయన అని పేరు పెట్టాను. ప్రశ్న పంపితే సాయంత్రానికల్లా జవాబు వచ్చేది. “మీలో గెలిచే లక్షణం ఉంది, ధైర్యంగా ఆడండి” అని మొదలుపెట్టేవాడు. ప్రతి జవాబు కిందా ఒక లింకు, ఫలానా చోట చేరి ఆడమని; చేరితే ఆయనకి కమీషన్. రెండోవాడు ఒక ఫోరంలో ఉండేవాడు. ఫోరం అంటే ఎవరైనా ప్రశ్న రాయొచ్చు, ఎవరైనా జవాబు చెప్పొచ్చు, అరుగు మీద కబుర్ల లాంటిది. ఈయనకి మర్యాద తక్కువ. “ప్రశ్న సరిగ్గా రాయడం నేర్చుకో. బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారు? పందెం పెంచినవాడు అంతకుముందు ఎలా ఆడాడు?” అని గసిరేవాడు. ఈయన్ని మాస్టారు అనుకునేవాళ్ళం.

రాజు గారికి నవ్వులాయన నచ్చాడు. కారణం నాకు తర్వాత తెలిసింది. మన క్లబ్బుల్లో రమ్మీ ఆడేటప్పుడు ముక్కలు బాగాలేవని ముందే డ్రాప్ చేస్తే దానికీ పాయింట్లు పడతాయి. ఆ ఆటలో తల పండిన మనిషికి ముక్కలు పడేయడమంటేనే నష్టం. మాస్టారేమో, కొత్తవాడివి, వచ్చిన ముక్కల్లో ఎక్కువ భాగం పడేయ్, పడేస్తే పోయేదేమీ లేదు అంటాడు. “ఆడ్డానికి కూర్చుని పడేయడమేంటండి, విస్తరి ముందు కూర్చుని లేచిపోయినట్టు!” అని రాజు గారు విసుక్కునేవారు. నవ్వులాయన రాసిందే ప్రింటవుట్ తీయించుకుని మడిచి జేబులో పెట్టుకునేవారు.

నాకు ఒళ్ళు మండింది. ఆట తెలియనిదాన్ని, ఫలానావాడు అబద్ధమని ఎలా చెప్పను? కింద లింకున్నంత మాత్రాన దొంగ అనడానికి లేదు, మన ఊళ్ళో మందుల షాపు వాడూ మందులు అమ్ముకుంటూనే మంచి మాట చెబుతాడు. చివరికి అడిగేశాను.

“రాజు గారూ, హేచరీకి వెళ్ళి రొయ్యపిల్ల తెచ్చుకుంటారు గదా. సీడ్ బాగుందని వాళ్ళు చెబితే డబ్బిచ్చి తెచ్చేసుకుంటారాండి?”

“భలేవారే! స్ట్రెస్ టెస్ట్ చెయ్యకుండా ఎవడు తెస్తాడండి?”

“అంటే?”

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకుని ఉత్సాహంగా చెప్పారు. హేచరీ తొట్టెలో, వాళ్ళ నీళ్ళలో అన్ని పిల్లలూ హుషారుగానే ఈదుతాయి. అందుకని కొన్నింటిని తీసి, ఉప్పు బాగా తగ్గించిన నీళ్ళ బకెట్లో వేస్తారు. కాసేపాగి చూస్తే బలమున్నవి బతికుంటాయి, లేనివి అడుగున పడతాయి. “నీళ్ళు మారిస్తే గాని పిల్ల సత్తా తెలీదండి” అన్నారు.

అని, కుర్చీ మళ్ళీ తిప్పుకున్నారు. స్క్రీన్ మీద నవ్వుతున్న ఫోటోని చూశారు. “టైపు చెయ్యండి” అన్నారు.

ప్రశ్న ఆయనే కట్టారు. చేతిలో ఆసు, జాకీ ఉన్నాయి, బల్ల చుట్టూ తొమ్మిదిమంది, అందరికంటే ముందున్నవాడు పందెం పెంచాడు, నేనేం చెయ్యాలి? ఇద్దరికీ పంపాం. కొన్నాళ్ళాగి, వేరే పేరుతో అదే ప్రశ్న, అవే ముక్కలు, కానీ బల్ల దగ్గర ముగ్గురే.

మాస్టారు మొదటిదానికి పడేయమన్నాడు. తన వెనక ఇంకా ఎనిమిదిమంది ఉండగా ముందుగా పెంచినవాడి దగ్గర నీకంటే మంచి ముక్కలు ఉండే అవకాశమే ఎక్కువ అని రాశాడు. రెండోదానికి, ముగ్గురే అయితే అవి మంచి ముక్కలే, ఆడు, కానీ వాడి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో చెప్పలేదేం అని మళ్ళీ గసిరాడు. నవ్వులాయన దగ్గర్నుంచి రెండుసార్లూ ఒకటే జవాబు. “మీలో గెలిచే లక్షణం ఉంది, ధైర్యంగా పెంచండి.” కింద లింకు.

రాజు గారు నవ్వులాయన జవాబులు రెండూ ప్రింటవుట్ తీయించి పక్కపక్కన పెట్టి చూశారు. ఆ ముఖం చూసి నాకు జాలేసింది. రెండు పంటలు పోయిన మనిషికి, నీలో గెలిచే లక్షణం ఉందని ఈ మధ్య చెప్పింది ఆ ఫోటో ఒక్కటే.

“అడుగున పడ్డాడండి” అన్నారు నెమ్మదిగా.

తర్వాత మాస్టారికి అసలు ప్రశ్న రాయించారు. చెరువు లీజుకిచ్చి ఈ ఆట మీద బతకొచ్చా? మర్నాడు జవాబొచ్చింది. “నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆడుతున్నా నేను ఉద్యోగం మానలేదు. నీ చెరువు గురించి నాకేమీ తెలియదు. అది తెలిసినవాళ్ళని అడుగు.” ఇన్ని రోజుల్లో ఆ తెర మీద తెలియదన్న మాట చదవడం మాకు అదే మొదటిసారి.

నెలాఖరు దాటాక రాజు గారు తాటి తాండ్ర పొట్లంతో వచ్చారు. లీజు లేదని చెప్పేశారట. సీడ్ కోసం మర్నాడే హేచరీకి ప్రయాణం. పోకర్ ఆదివారాలకి, ఉత్తుత్తి చిప్స్‌తో.

“మేడమ్ గారికి చెప్పారాండి?”

“ముందు ఆవిడకే చెప్పానండి. తిట్లు తిన్నాకే మీ దగ్గరకొచ్చాను” అని నవ్వి, కాస్త మొహమాటంగా అన్నారు: “మీకూ ఒకటి చెప్పాలండి. చెరువు ఇచ్చెయ్యమంటారాని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను, గుర్తుందాండి? మొదటిసారి అప్పుందని చెప్పాను, రెండోసారి లేదని చెప్పాను.”

గుర్తుంది. మొదటిసారి అప్పు ఎవరిదని అడిగాను, రెండోసారి మరి తొందరేంటని అడిగాను. ఇంట్లో చెప్పలేదన్న సంగతి మాత్రం మారలేదు గనక, ముందు అక్కడ చెప్పమని రెండుసార్లూ అన్నాను.

“మిమ్మల్నీ నీళ్ళు మార్చి చూశానండి. ఏమీ అనుకోకండి. నా సంగతి మారితే మీ ప్రశ్న మారింది. మీరు బతికారు.”

కోపం రావాల్సింది, రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది. నా సంగతి మారినా మారని సలహా నా కోసం చెప్పింది కాదని ఆ రోజు తెలుసుకున్నాను. అప్పట్నుంచి కౌంటర్ దగ్గరకొచ్చి, మా అమ్మాయిని ఏ కోర్సులో చేర్చమంటారండి అని ఎవరు అడిగినా, జవాబు నాలిక చివరిదాకా వచ్చినా ఆపుకుని, అమ్మాయికి ఏమిష్టమండి అని అడుగుతాను. ఎవరి చేతిలో ఏ బకెట్ ఉందో ఎవరికి తెలుసు!