కవర్ తియ్యని బావ

మా అక్క మొగడు టీవీ రిమోట్‌కు కవర్ తియ్యడు, బండి సీటుకు సుత తియ్యడు. తీస్తె పాతగైతదని ఫికర్. మక్తల్‌ల జిరాక్స్ దుకాణం ఆయనది. కొత్త కంప్యూటర్ కొనే తాహతు లేక, పాతదాంట్లకే జోరుగ నడిచే ప్రాసెసర్, దాన్ని సల్లబరిచే ఫ్యాన్ తెచ్చిండు. మెకానిక్ దండుగని, మహానుభావుడు తనే బిగించిండు.

అప్పటిసంది అది మాటిమాటికి వేడెక్కి బందైతుండె. మక్తల్ ఎండలను తిట్టిండు, కరెంటోళ్లను తిట్టిండు, ఆఖరికి గిరాకీలను తిట్టిండు. నేను పోయి విప్పి చూసిన. ఫ్యాన్ అడుగున, ప్రాసెసర్‌కు ఆనుకొని వేడి గుంజాల్సిన రేకు మీద, ప్లాస్టిక్ కవర్ గట్లనే ఉన్నది!

"గిదేంది బావా?" అని గోరుతోని లేపవోయిన.

గబుక్కున నా చెయ్యి పట్టుకున్నడు. "జర పైలంగ తియ్యిరా, చినుగుతది!"