డీకన్ కాకా ఇచ్చిన పూచీ

మొన్న మా డీకన్ కాకా శవపేటికకు భుజం పట్టినవాళ్ళలో మీరున్నారా? ఉంటే ఇది మీకే రాస్తున్నాను. మిల్లులుండే సచిన్ వైపు పోయే బస్సు కోసం నిలబడిన చోటే ఆయన కుప్పకూలిపోయారు. కబురు సూరత్‌లోని మన తెలుగువాళ్ళందరికీ పాకింది. మన చర్చి గుడి నిండింది. దండలు పెట్టడానికి చోటు చాల్లేదు.

కాకా ఫాదర్ల మాదిరి గురువు కాదు, పెళ్ళాం బిడ్డలున్న మనిషి. బట్టకు రంగులద్దే డైయింగ్ మిల్లులో బాయిలర్ చూసుకునేవారు. బిషప్ గారు తలమీద చేతులుంచి డీకన్‌గా నియమించాక కూడా ఆ పని మానలేదు. ఆదివారం పీఠం దగ్గర సువార్త చదివి, పండగైతే భోజనాల తర్వాత గంగాళాలు తోమేవారు. సెలవు దొరికితే జైలుకు పోయేవారు. అక్కడ ఎవరినీ ఏం చేసి వచ్చావని అడిగేవారు కాదు. "ఇంటికాడ ఎవలున్నరు? ఏమన్న చెప్పాల్నా?" అని అడిగేవారు. బయటికొచ్చి జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు ఫోన్లు చేసేవారు. ఆ తల్లుల మాటలు మళ్ళీ లోపలికి మోసేవారు. "ముందుగాల ఇంటి ముచ్చట, ఆ తర్వాతనే దేవుని ముచ్చట" అనేవారు. ఆయన వెంట పోయి నేను వాక్యం చెప్పేటప్పుడు గొంతు పెంచితే, "జర మెల్లగ, దేవునికి చెవుడు లేదు" అని నవ్వేవారు.

ఆ జైల్లోనే ఆయనకు ఒక నేతన్న కలిశాడు. కోసాడ్ క్వార్టర్లలో ఉంటాడు. హిందువు. లూముల షెడ్డులో బట్ట పోయిందని శేఠ్ కేసు పెట్టాడు. తీశాడో లేదో విచారణలో తేలాలి. బెయిల్ వచ్చింది కానీ, సొంత ఇల్లున్న స్థానికుడు పూచీ పడి జామీను ఉంటేనే వదులుతామంది కోర్టు. కాకా మన గుమ్మాలన్నీ తొక్కారు. చివరికి గుడి వరండాలో, సొంత ఇల్లున్న మన సంఘ పెద్దను పట్టుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

"కాకా, పరాయోనికి జామీను ఉండొద్దని వాక్యంలనే ఉన్నది. సదివేది నువ్వే గద" అన్నాడు పెద్ద.

"ఉన్నది. అండ్లనే యోసేపు అన్న యూదా గూడ ఉన్నడు. తమ్మునికి ఏమన్నయితె నన్నడుగు అని తండ్రికి పూచీ పడ్డడు. మన ప్రభువు ఆ వంశంలనే పుట్టిండు."

"ఆడు తమ్ముడు గాబట్టి పడ్డడు. ఈడు నీకేమైతడు?"

"ఏం గావాల్నో నువ్వే చెప్పు. ఆ వరస కలుపుకుంట."

పెద్ద చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కాకా మర్నాడు తన ఇంటి కాగితాలే కోర్టులో పెట్టారు. నేతన్న బయటికొచ్చిన రోజు జైలు గేటు నుంచి తిన్నగా మన తెలుగు మెస్సుకు తీసుకొచ్చారు.

"ఏంది కాకా, ఇంకో అల్లున్ని తెచ్చినవా?" అంది మెస్సు నడిపే అక్క.

"అల్లుడే. మర్యాద తక్కువ చెయ్యకు. ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్యి."

ఆ నేతన్న మళ్ళీ లూము ఎక్కాడు. భార్యా పిల్లలతో ఒక కప్పు కింద ఉంటున్నాడు. మొన్న సమాధిలో మట్టి వేసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. మన పెద్ద మైకు పట్టుకుని, "ఖైదీలకు అండగా నిలిచిన మహనీయుడు" అన్నాడు. మీరు కళ్ళు తుడుచుకున్నారు.

నిన్న అతని వాయిదా. జామీను ఉన్న మనిషి పోయాడు కాబట్టి కొత్తవాళ్ళను తెమ్మంది కోర్టు. ఇవాళ సాయంత్రంలోగా రాకపోతే అతను మళ్ళీ లోపలికే. కాకా భార్య తెల్లచీరతోనే వచ్చి సంతకం పెడతానంది. ఇల్లు ఇంకా ఆమె పేరుకు మారలేదు, కుదరదన్నాడు వకీలు. నాదా, అద్దె గది. పెద్ద దగ్గరికి వెళ్ళాను.

"తమ్మీ, ఏడో దినం పూజ కానియ్యి. తర్వాత కూసోని మాట్లాడుదం. అప్పటిదాంక ప్రార్థన చేస్తం."

చెయ్యండి. ఐగుప్తు చెరలో యోసేపు కూడా, తనతో ఖైదులో ఉండి విడుదలైన ఒకడి మాట నమ్ముకున్నాడు. కాకా దీని గురించి చెప్పింది మీకు గుర్తుందా? "యోసేపును అన్నేండ్లు లోపటుంచింది ఫరో రాజు గాదు. యాదికుంచుకుంట అని చెప్పి బయటికి పోయినోడు." ఆ రోజు మీరంతా ఆమెన్ అన్నారు. నేనూ విన్నాను. ఆ ఆమెన్‌కు ఇంతే విలువైతే, రేపు కాకా ఫొటో కట్టించి గుడి గోడకు వేలాడదీయకండి. ఆయన మొహం చూసే ధైర్యం మనలో ఎవడికుంది?

ఇది కోర్టు వరండాలో కూర్చుని ఫోన్లో రాసి మీ అందరికీ పంపుతున్నాను. నేతన్న నా ఎదురుగా బల్లమీద ఉన్నాడు. లోపల ఎలాగూ తీసేస్తారని నడుము బెల్టు ముందే విప్పి భార్యకిచ్చాడు. ఆమె దాన్ని చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. మనవాళ్ళెవరైనా వస్తారేమోనని గేటువైపే చూస్తోంది.

సొంత ఇల్లున్న ఒక్క మనిషి చాలు. చదవడం ఆపండి. ఇంటి కాగితాలు తీసుకుని ఇప్పుడే బయల్దేరండి. సాయంత్రం కోర్టు మూసేస్తారు.