డెల్బర్ట్ చూడని ఆకుపచ్చ

డెల్బర్ట్ హాకెట్ మొండి ఘటం. ఈ మాట ముప్పై ఏళ్ళుగా వాడి మొహం మీదే అంటున్నాను. మా ఓక్లహోమాలో, డ్రై ఫోర్క్ బజారులో నాది పశువుల దాణా కొట్టు, గోడ అవతల వాడి షెడ్డు. పిస్తోళ్ళకూ రివాల్వర్లకూ రంగు వేయడం వాడి పని. షెరీఫ్ ఆఫీసువాళ్ళు ఇసుక రంగు అడుగుతారు, వాళ్ళ పెళ్ళాలు ఊదా రంగు అడుగుతారు, జింకల వేటకు పోయేవాళ్ళు ఎండుటాకు రంగు అడుగుతారు. ఎవరేమడిగినా వాడు తల ఊపి తీసుకునేవాడు.

ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో మూడుసార్లు చూస్తాడు. విడదీసి, జిడ్డు వదిలించి, గాలితో సన్న ఇసుక రవ్వ కొట్టి ఇనుమును గరుకు చేస్తాడు. అక్కణ్ణించి ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు అంటిన చోట రంగు నిలవదు. ఒకసారి ముచ్చటపడి ముట్టుకున్న పాపానికి సాయంత్రం దాకా నన్ను తిట్టిపోశాడు. రంగులు గ్రాముల్లో తూచి కలుపుతాడు, పిచికారీ కొట్టి పొయ్యిలో రెండు గంటలు కాలుస్తాడు. చివర్లో వాడి భార్య లవానా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో తిప్పి చూసి, ఒక పాత నోటుబుక్కులో ఏదో రాసుకునేది.

మొన్న వసంతంలో లవానా పోయింది. వారం తిరక్కుండా తలుపు మీద బోర్డు వెలిసింది: ‘నంబరున్న రంగులే వేయబడును.’ కంపెనీ జాబితాలో ఉన్న రంగు తప్ప ఇంకేదీ కలపడన్నమాట. దుఃఖంలో అలా రాశాడనుకున్నాను.

నవంబరులో ఒక మంగళవారం నేను వాడి షెడ్డులో ఉండగా మావిస్ టాలివర్ వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరైంది. చనిపోయిన భర్త రాయిస్ ఎప్పుడో కొనిచ్చిన రివాల్వర్‌ను బల్ల మీద పెట్టింది.

“నాయనా డెల్బర్టూ, దీనికి మా ఆయన పాత పికప్ బండి రంగు వెయ్యి. శనివారం పొద్దున ఆ బండిని తుక్కువాడు ఈడ్చుకుపోతాడు. ఈలోపే చూసుకోవాలి నువ్వు.”

“రంగు నంబరేమన్నా ఉందా మావిస్ గారూ?”

“నంబరేంటయ్యా? యాభై ఏళ్ళు ఎండలో ఎండిన ఆకుపచ్చ అది. కొన్నప్పటి రంగు నాకెందుకు? ఇప్పుడున్న రంగే కావాలి.”

డెల్బర్ట్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. “బోర్డు చూళ్ళేదా అమ్మా, వాడు వెయ్యడు” అన్నాను నేను, సాయం చేస్తున్నాననుకుని. వాడు నన్ను మింగేసేలా చూశాడు.

“వేస్తాను” అన్నాడు.

ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగాడు. “హోమరూ, ఇది నా వల్ల కాకపోతే షెడ్డు మూసేస్తాను.”

“ఒక ముసలమ్మ రివాల్వర్ కోసం షెడ్డు మూసేదేంట్రా?”

“నీకు తెలీదులే.”

ఆ సాయంత్రమే మావిస్ ఇంటికి వెళ్ళి, నమూనాకి బండి పెట్రోలు మూత ఊడదీసుకొచ్చాడు. ఇక చూడండి, కలపడం, కొట్టడం, కాల్చడం. బొటనవేలంత రేకు ముక్కలు, ఒక్కోదాని వెనక నంబరు. శుక్రవారం మధ్యాహ్నం నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి ముప్పై ఆరు ముక్కలు బల్ల మీద వరుసగా ఉన్నాయి, పక్కన ఆ మూత. సగం ఆకుపచ్చవి, సగం గోధుమ రంగువి, మధ్యలో ఒకటి అచ్చం ఇటుక.

“ఒరేయ్, ఆ ఇటుక రంగు ముక్క మధ్యలో ఎందుకు పెట్టావ్?”

డెల్బర్ట్ చాలాసేపు ఆ వరుసనే చూశాడు. “ఏది?” అన్నాడు.

నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

“పుట్టినప్పట్నుంచీ ఎరుపూ ఆకుపచ్చా నాకొక్కటేరా” అన్నాడు. “వెలుగు తేడా ఇట్టే పట్టేస్తాను, రంగు మాత్రం తెలీదు. లవానా చూసి చెప్పేది.” నోటుబుక్కు నా ముందుకు తోశాడు. ప్రతి నంబరుకూ ఎదురుగా ఆవిడ అక్షరాలు. ‘వాన వెలిశాక మట్టిరోడ్డు.’ ‘మాడకముందు మొక్కజొన్న రొట్టె.’ రంగు పేరు ఒక్కటీ లేదు, అన్నీ వాడికి తెలిసినవే. ఏప్రిల్ తర్వాత పేజీలు ఖాళీ.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు గోడ పక్కన గోడగా బతికి నాకొక్క మాట చెప్పడా! “పోయినేడు నా కొత్త ట్రాక్టరు రంగు అదిరిందన్నావు కదరా దొంగ వెధవా.”

“అదిరిందనడానికి రంగు తెలియాలేంట్రా?”

“సరే, ఇప్పుడు నేను చెప్తాను ఏది కలిసిందో. మూడో కంటికి తెలీదు.”

“వద్దు.” వాడి గొంతు గట్టిపడింది. “దాచమని లవానాని నేనే బతిమాలాను. పెళ్ళయినప్పట్నుంచీ నా అబద్ధం ఆవిడ మోసింది. ఇంకొకళ్ళ నెత్తిన పెట్టను.”

శనివారం పొద్దున మావిస్ పొలంలో తుక్కువాడు గొలుసు తగిలించి ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. చూడ్డానికి ఇరుగుపొరుగు నలుగురైదుగురు వచ్చారు. డెల్బర్ట్ ముప్పై ఆరు ముక్కలూ బండి బానెట్ మీద పేర్చి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మావిస్ గారూ, నాకు రంగులు కనపడవు. ఎప్పుడూ కనపడలేదు. ఇన్నాళ్ళూ లవానా కళ్ళతో చేశాను. కలపడం నేను కలిపాను. ఇందులో మీ రాయిస్ గారి రంగేదో మీరే చెప్పాలి.”

తుక్కువాడు పకపకా నవ్వాడు. “రంగులేసేవాడికి రంగు తెలీదంట!”

“నువ్వు నోర్ముయ్యవయ్యా” అంది మావిస్, వాడి వైపు చూడనైనా చూడకుండా. “ఒక చెవి వినపడకుండానే ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఈ ఊళ్ళో ఒక్కడైనా కనిపెట్టాడా?”

ఒక్కో ముక్కా తీసుకుని బండి తలుపుకు ఆనించి చూసింది. కిటికీ కింద, రాయిస్ మోచెయ్యి ఆనీ ఆనీ పలచబడిన చోట ఇరవై రెండో ముక్క పెట్టగానే అది ఆ రేకులో కలిసిపోయింది. మావిస్ చెయ్యి తీయలేదు.

“ఇదే నాయనా” అంది. చెంపలు తడిసినా తుడుచుకోలేదు.

డెల్బర్ట్ నోటుబుక్కు తెరిచాడు. “ఎలా ఉందో చెప్పండి. రంగు పేరు మాత్రం వద్దు.”

ఆవిడ కాస్త ఆలోచించింది. “బెండకాయలు కొయ్యడం మర్చిపోతే చెట్టునే ముదిరి, దుమ్ము కొట్టుకుపోతాయే, అలా ఉందయ్యా.”

“అవి నాకు తెలుసు” అన్నాడు. లవానా చివరి అక్షరాల కిందే రాసుకున్నాడు. తుక్కువాడు బండిని ఈడ్చుకుపోయాడు.

వారం తిరక్కుండా మావిస్ తన రివాల్వర్ తీసుకెళ్ళింది. డెల్బర్ట్ బోర్డు తిప్పి వెనకవైపు రాశాడు: ‘రంగు మీరు చూసుకోండి. తూకం నాది.’ ఒక్క గిరాకీ కూడా తగ్గలేదు.

ఆ సాయంత్రం నోటుబుక్కు చంకలో పెట్టుకుని నా కొట్టుకొచ్చాడు. దాణా బస్తా మీద కూర్చుని, పెన్ను మూత తీశాడు.

“నీ ట్రాక్టరు ఎలా ఉంటుందో చెప్పరా” అన్నాడు.

అడగడానికి ముప్పై ఏళ్ళు పట్టింది వెధవకి. ఇంకో బస్తా లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను.

“బాగా పండిన పుచ్చకాయ కోస్తే, లోపల ఉంటుందే, అలా” అని చెప్పాను. రాసుకున్నాడు.