పగడం పక్కన పట్టుపోగులు

మామ పోయిన సంగతి నాకు చేపల తొట్టి లైటు గురించిన మాటతో తెలిసింది. పెనుకొండలో నా అంగట్లో ఉన్నాను. బోరు మోటార్లు బాగుచేసే అంగడి. పొద్దున పది దాటాక హిందూపురం నుంచి నా భార్య ఫోను చేసింది.

"తొట్టి లైటు ఇంగా వెయ్యలే" అంది.

"మరిచిపోయింటాడులే. నువ్వెయ్యి."

"నాయన మరిచిపోతాడా?" అంది. ఫోనులో ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. "కుర్చీలోనే ఉండాడు. చెయ్యి సల్లగుండాది" అంది తర్వాత.

పది గంటలకు లైటు వేయడం, రాత్రి ఎనిమిదికి ఆర్పడం ఆయన పని. ఒక్కరోజు తప్పింది. ఆ రోజు ఆయన లేడు.

మా మామ ధర్మవరంలో పట్టుకు రంగులద్దిన మనిషి. చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా అదే పని. గోళ్ళ అంచుల్లో ఏదో ఒక రంగు ఎప్పుడూ ఉండేది. రంగుల ఆవిరి పీల్చి పీల్చి రొమ్ము చెడింది. ఆ రంగు గంగాళాల దగ్గరికి మళ్ళీ పోతే ఎక్కువ రోజులుండడని డాక్టరు చెప్పాక, పోయినేడు వానాకాలం మొదట్లో హిందూపురం తీసుకొచ్చాం. ఆయనకు ఇష్టం లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని హాల్లో కూర్చునేవాడు. తెల్లవారితే నన్ను ఒకటే అడిగేవాడు.

"ఈ పొద్దన్నా ధర్మవరం బండెక్కిస్తావా అల్లుడా?"

మేముండేది అద్దె ఇల్లు. హాల్లో గోడ పొడవునా ఒక అద్దాల తొట్టి ఉంది. ఇంటాయన సముద్రపు నీళ్ళు కలిపి, పగడాలు, చేపలు పెంచిన తొట్టి. బెంగళూరు వెళ్ళిపోతూ "ఉంచుకుంటే ఉంచుకోండి, లేకుంటే పారేయండి" అన్నాడు. మేము రెండూ చేయలేదు. నీళ్ళు నాలుగు వేళ్ళు దిగిపోయాయి. రాళ్ళ నిండా నాచు. ఉన్న ఒక్క మోటారు దగ్గుతూ తిరిగేది. చేపల్లో ఒకటే మిగిలింది, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్నది. చూడలేక నా భార్య దాని మీద పాత చీర కప్పింది.

ఆ చీర తీసింది మామే. తీసి, అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. లోపల టెంకాయంత గుండ్రటి పగడం ఒకటి ఉంది. ఒంటి నిండా ముడతలు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"చచ్చిపోయింది మామా అది" అన్నాను.

"చచ్చింటే నాచు పట్టేది గదప్పా. అన్నిటికీ పట్టి దీనికి పట్టలేదు, సూడు."

బెంగళూరులో చేపల అంగడాయనకు ఫోను చేశాం. సగం కన్నడం, సగం తెలుగులో చెప్పాడు. పగడం లోపల రాయి, పైన పలచటి ప్రాణమున్న పొర. ఆ పొరలో కంటికి కనపడని నలుసులు ఉంటాయి, రంగు వాటిదే. నీళ్ళు చెడితే అవి వెళ్ళిపోతాయి. పొర బతికుంటే, నీళ్ళు కుదిరితే, మళ్ళీ రావచ్చు. రాకపోనూ వచ్చు.

మామ అంతా విని "అంటే ఇది అద్దే రంగు గాదు, ఊరే రంగు" అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఆ రోజే కూతురితో ఒప్పందం చేసుకున్నాడు.

"దీనికి రంగొచ్చే దాకా ఈడుంటా. వచ్చినాక ధర్మవరం పోతా. అప్పుడు అడ్డం పడగూడదు."

"సరే నాయనా" అంది ఆమె. వంటింట్లో నాతో మాత్రం "ఆ రాయికి రంగు యాడొస్తాది" అంది. రాదనే ధైర్యంతోనే ఒప్పుకుంది.

మొదటి పనే ఆయన తప్పు చేశాడు. ముడిపట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి జిగురు తీస్తేగానీ రంగు పట్టదు. ఆయన చేతులకు తెలిసిన దారి అదే. మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు, తొట్టిలో రాళ్ళు సగం బయటికి తీసి పెరట్లో ఉడకబెట్టి, తెల్లగా తోమి మళ్ళీ పెట్టాడు. మర్నాటికి నీళ్ళు మబ్బు పట్టాయి. చేప ఒక పక్కకు ఒరిగి, నీటి పైకొచ్చి నోరు తెరుస్తోంది.

అంగడాయన ఫోనులో అయ్యయ్యో అన్నాడు. ఆ రాళ్ళలో ఉండే సూక్ష్మజీవాలే నీళ్ళను శుభ్రం చేసేవట. ఉడికిస్తే అవి పోతాయి. పైగా ఆ ఆవిరి మనిషికి విషం కావచ్చు, ఎవరూ ఆ పని చేయకూడదన్నాడు.

"సముద్రాన్ని పులుసు పెట్టినావు నాయనా" అంది నా భార్య.

"జిగురు తీయంది రంగు పట్టదు గదమ్మా" అన్నాడు మామ. అని తల దించుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

వారం రోజులు ఫిల్టరు నీళ్ళ క్యాన్లు తెప్పించి, అంగడాయన పంపిన సముద్రపు ఉప్పు ముందురోజే డ్రమ్ములో కలిపి, రోజుకింత పాత నీళ్ళు తీసి ఇంత కొత్తవి పోశాం. నీళ్ళు కలపడం ఆయనే. వేడి ఎంతుందో మణికట్టు ముంచి చెప్పేవాడు. థర్మామీటరు చూస్తే అంతే ఉండేది. ఏడో రోజు చేప నిటారుగా నిలబడి, ఆయన వేలు కదిలిన వైపుకు వచ్చింది.

"దీన్ని కడగగూడదు. కడక్కుండా బాగుచెయ్యాల" అన్నాడు.

పాత ట్యూబులైట్లు పోయి, నీలం, తెలుపు కలిసిన లైట్లు వచ్చాయి. నీళ్ళను నురగ చేసి మురికి బయటికి తోసే యంత్రం వచ్చింది. పాత మోటారు నేను బాగుచేస్తానని తీసుకుంటే, అరచెయ్యంత లేదు, ఎక్కడ విప్పాలో తెలియలేదు. మామ దాన్ని వెనిగర్లో ఒక రాత్రి నానబెట్టాడు. పట్టిన సున్నం ఊడి, మళ్ళీ తిరిగింది.

నా తప్పు ఆ తర్వాత. వేసవికి ముందు తొట్టిలో నీళ్ళు తగ్గుతుంటే, సముద్రపు నీళ్ళు తగ్గాయి కదా అని రోజూ ఉప్పు నీళ్ళే పోశాను. చేప మళ్ళీ మందగించింది. మామ ఉప్పు కొలిచే గొట్టం ముంచి చూసి నా వైపు తిరిగాడు.

"ఎండకు పోయేది నీళ్ళప్పా. ఉప్పు పోతాదా? మీ బోరు నీళ్ళ బిందె అంచు సూళ్ళేదా యాపొద్దూ, తెల్లగా? మోటార్ల కాడ పెద్ద మొనగానివి, నీళ్ళ కాడ సున్న."

ఆ నాటి నుంచి తగ్గినన్ని మంచినీళ్ళే పోశాం.

రంగు ఎంత వచ్చిందో తెలియడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. అమావాస్యకొకటి, పున్నానికొకటి పట్టుపోగు. వరండాలో స్టీలు గ్లాసెడు నీళ్ళు వేడిచేసి, చిటికెడు రంగు వేసి, ఆ రోజు పగడం ఏ వన్నెలో ఉందో పోగును ఆ వన్నెకు తెచ్చేవాడు. అద్దానికి ఆనించి చూసి, సరిపోతేనే తొట్టి చెక్క అంచుకు కట్టేవాడు. సరిపోకపోతే మళ్ళీ ముంచేవాడు. మొదటి పోగు ఏ రంగూ లేనిది. ఆరో పోగుకు ఉల్లిపొర వచ్చింది. తర్వాత మెంతి రంగు, తర్వాత వక్క రంగు. ముడతల లోపల ఎక్కడో చిలకాకుపచ్చ తొంగిచూసింది. రోజూ చూసే మాకు తేడా తెలిసేది కాదు. పోగుల వరుస చూస్తే తెలిసేది.

సాయంత్రం నీలి లైటు కింద నీళ్ళ నీడలు గోడ మీద, క్యాలెండరు మీద, ఆయన పంచె మీద కదిలేవి. పెద్ద గంగాళం అడుగున మనిషి కూర్చున్నట్టుండేది.

"సముద్రం సూసినావా మామా?" అని ఒకసారి అడిగాను.

"లేదు. దాని రంగు అద్దినా. సముద్రనీలం అని అంగళ్ళోళ్ళు అడిగేవాళ్ళు. ఆళ్ళూ సూళ్ళేదు."

వేసవిలో ఒక మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. మోటారు ఆగితే నీళ్ళలో గాలి ఉండదు. మామ స్టూలు మీద కూర్చుని, చెంబుతో తొట్టి నీళ్ళు ముంచి, ఎత్తి, తిరిగి పోస్తున్నాడు. రంగులో పట్టునూలు లడి ముంచి ఎత్తినట్టే ఆ చెయ్యి ఒకే లయలో పోతోంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"ఎంతసేపయింది మామా?"

"తెలీదబ్బా. నిద్దర్లో ధర్మవరం పోయొచ్చినా. చెయ్యి మాత్రం ఈడనే ఉండాది."

రంగు వస్తున్న కొద్దీ నా భార్య తొట్టి వైపు చూడడం తగ్గించింది. పగడం ముడతల మీద వంకాయ రంగు పాకింది. ఆయన పిలిచి "ఎట్లుండాదిమ్మా?" అంటే, "యాడొచ్చింది నాయనా, ఇంగా రాలే" అనేది. ఆయన తలూపేవాడు. రొమ్ములో పిల్లికూతలు ఎక్కువయ్యాయి. అయినా పోగు మానలేదు. బండెక్కించమని అడగడం మాత్రం ఎప్పుడో మానేశాడు. మాకది వెంటనే తట్టలేదు.

చివరి పున్నానికి ఆయన పోగు కడుతుంటే పక్కనే ఉన్నాను.

"మామా, పగడం ఇంకా ముదురుగా ఉండాది గదా? పోగు తేలిపోయినట్టుండాదే" అన్నాను.

"వైరు సుట్టే కండ్లకు వన్నె ఏం తెలుస్తాది? ఇంగ రవంత రావాల" అన్నాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, ముడి బిగించాడు.

ఆ తర్వాత పది రోజులకు పోయాడు. వ్యానులో పెనుకొండ మీదుగా ధర్మవరం తీసుకుపోయాం. ఆయన పోతానన్న ఊరికే, మేము ఆపిన దారినే.

కార్యాలు ముగించుకుని వచ్చిన రోజు నా భార్య తొట్టి ముందు నిలబడి పోగులు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పట్టి చూసింది. రంగులాయన కూతురు, నాకు కనపడనివి ఆమెకు కనపడతాయి. చివరి నాలుగింటి దగ్గర ఆగింది. వాటిని ఒక్కటిగా చేర్చి లైటు కింద పట్టింది.

"ఇవి నాలుగూ ఒగే ముంపులో తీసినవి" అంది. "ఒగే రోజు అద్ది పెట్టుకోని, పున్నానికీ అమావాస్యకీ ఒగోటి కట్టినాడు."

అంటే రంగు వచ్చి రెండు నెలలు దాటింది. బతుకంతా ఒక్క వన్నె తప్పని మనిషి, ఆ రెండు నెలలు కావాలనే తప్పుతూ ఉన్నాడు.  ఆమె పోగులు తిరిగి వదిలేసింది.

ఇప్పుడు పది గంటలకు లైటు ఆమే వేస్తుంది. ఫ్యాను గాలికి పోగులు కొద్దిగా ఊగుతాయి. తెలుపు, ఉల్లిపొర, మెంతి, వక్క, ఆ చివర ఒకే రంగువి నాలుగు. వాటి వెనక, నీళ్ళలో, పగడం వాటికన్నా ముదురు వంకాయ రంగులో ఉంటుంది. చేప ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్కో పోగూ దాటుకుంటూ వచ్చి, ఆ నాలుగింటి దగ్గర, ఆయన కుర్చీ ఉన్న వైపుకు తిరిగి నిలబడుతుంది.