నూట తొంభై మూడో పేజీలో గుర్రాల డాక్టరు

జిగురు మామయ్యకు పుస్తకాలంటే ప్రాణం. అందుకే ఒక్కటీ చదివి ఎరుగడు.

ఆయన పుస్తకాల బైండరు. ఊరివాళ్ళు వరస కలిపి పిలిచే పేరే తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏనాడైనా ఆయన ఆ పేరు చెప్పినా, "ఎవరాయన?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. చదవకపోవడానికి ఆయన దగ్గర గట్టి వాదనే ఉంది. "పురుడు పోసే మంత్రసాని పుట్టిన ప్రతి బిడ్డతోనూ ముచ్చట్లాడుతూ కూర్చుంటే, పక్కింట్లో నొప్పులు పడుతున్న మనిషి గతేం కావాలి?" అనేవాడు. దీనికి ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. చెప్పాలని ఎవరూ ప్రయత్నించనూలేదు.

ఇంటి ముందు గదే ఆయన దుకాణం. తలుపు పైన ఒక బోర్డు: "ఇచ్చట పుస్తకములు తప్పు లేకుండా బైండు చేయబడును." అందులో "తప్పు లేకుండా" అన్న రెండు మాటలు మిగతావాటికంటే లావుగా ఉంటాయి. ఆ లావుకు కారణం ఆయన అహంకారమేనని భార్య చెబుతుంది. రంగు ఎక్కువైందని ఆయన చెబుతాడు.

ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ముఖ్యంగా గ్రంథాలయం నుంచి వచ్చే సంచీ వల్ల. అందులో నడుములు విరిగిన నవలలు, అట్టలు ఊడిన నిఘంటువులు వస్తాయి. మామయ్య వాటి కుట్లు విప్పుతాడు, నలిగిన అంచులకు పలుచని కాగితం అతుకుతాడు, మళ్ళీ కుట్టి, అట్ట వేసి, గుడ్డ తొడిగి పంపుతాడు. అయితే ఈ మధ్య ఊళ్ళో యంత్రంతో బైండు చేసే కొత్త దుకాణం ఒకటి వెలిసింది. గ్రంథాలయ అధ్యక్షులైన రిటైర్డు జడ్జిగారి చూపు అటు పడింది.

"యంత్రానికి పరధ్యానం ఉండదు," అన్నారు ఆయన ఒకనాడు, మామయ్య వినేలాగే. "నీ పనికి వంక పెట్టను. కానీ ఒక్క తప్పు. ఒక్కటంటే ఒక్కటి దొరికిందంటే, మర్నాటి నుంచి సంచీ దారి మారుతుంది."

"మారదండీ," అన్నాడు మామయ్య, ఛాతీ కాస్త పొంగించి. చరిత్రలో చాలామంది పెద్దలు పడబోయే ముందు సరిగ్గా అంతే పొంగించారు.

ఆ తర్వాత వచ్చిన సంచీలో రెండు నవలలున్నాయి. ఒకటి "నేలమాళిగలో నవ్వు", గుండె జబ్బు ఉన్నవాళ్ళు చదవరాదని అట్ట మీద హెచ్చరిక ఉన్న సస్పెన్సు నవల. రెండోది "నీ కిటికీ నా వైపు", గుండె తప్ప మరే అవయవమూ లేనివాళ్ళ కోసం రాసిన ప్రేమ నవల. రెండూ ఒకే ప్రచురణకర్తవి. ఒకే కాగితం, ఒకే అచ్చు, పేజీలు కూడా సరిసమానం. కవల పిల్లలకు ఒకే గుడ్డ తానులోంచి చొక్కాలు కుట్టించినట్టున్నాయి.

పుస్తకంలోని పదహారు పేజీల మడతను ఆ వృత్తిలో ఫారం అంటారు. ఎప్పుడూ మొదటి ఫారమూ ఆఖరి ఫారమూ ఎక్కువ నలుగుతాయి. మామయ్య ఆ రెంటినీ విడదీసి, అతుకులు వేసి, తీగ మీద బట్టల్లా ఆరేసి, ఆరాక తిరిగి చేర్చి కుడతాడు. సరిచూడ్డానికి ఆయనకు ఒకే కొలమానం: పేజీ నంబరు. నూట తొంభై రెండు తర్వాత నూట తొంభై మూడు వచ్చిందా లేదా? వచ్చింది. రెండు పుస్తకాల్లోనూ వచ్చింది. సూదిలో దారం ఎక్కించి, నిశ్చింతగా కుట్టేశాడు.

పుస్తకాలు గ్రంథాలయం చేరిన కొద్ది రోజులకే ఊళ్ళో ప్రశాంతత పోయింది.

ఈ వార్తలన్నీ మామయ్యకు మోసుకొచ్చేది ఆయన మరదలు. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఉద్యోగం ఆమెదే. వార్తలిచ్చే పని ఎవరూ ఇవ్వకుండానే తీసుకుంది.

"బావా, నీ నేలమాళిగ కోసం కొట్టుకు ఛస్తున్నారనుకో! జడ్జిగారు మూడుసార్లు చదివారట. ఇలాంటి ముగింపు జన్మలో చూళ్ళేదంటున్నారు. టైలరమ్మ చదివి ఏడ్చింది."

"భయంతోనా?"

"ఆనందంతో. బస్సు కండక్టరు లేడూ, అతనికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒక బస్సుకు టికెట్టు కొట్టి ఇంకో బస్సులోంచి దించేశారట. పుస్తకాన్ని బల్లకేసి కొట్టాడు."

"కుట్లు ఊడాయా?"

"ఊడలేదు."

"మరింకేం," అన్నాడు మామయ్య తృప్తిగా. సాహిత్య విమర్శలో ఆయనకు కావలసింది అంతవరకే.

పుస్తకం మీద తగువు తీర్చడానికి జడ్జిగారు ఒక శనివారం సాయంత్రం పాఠకుల సభ ఏర్పాటు చేశారు. ఆ ఉదయం మరదలు "నేలమాళిగలో నవ్వు" పట్టుకుని పరుగున వచ్చింది. కండక్టరు రెండోసారి కొట్టిన దెబ్బకు ముందు అట్ట అంచు లేచింది.

"సభ టైముకి అతికించాలి బావా," అని, గుమ్మంలో కూర్చున్న అక్క వైపు చూసింది. "నీకేమైందే, మొహం అలా పెట్టావ్?"

మామయ్య భార్య ఒళ్ళో, చెల్లెలు గ్రంథాలయం నుంచి తెచ్చిపెట్టిన "నీ కిటికీ నా వైపు" బోర్లించి ఉంది. "మొహం కాక ఇంకేం పెట్టనే? నవలంతా ఆ గుర్రాల డాక్టరు వస్తాడు వస్తాడని ఆ పిల్ల కళ్ళు కాయలు కాసేలా చూసిందా? చివరికి వాన హోరున కురుస్తుంటే తలుపు తీస్తే, ఎదురుగా నిలబడింది ఎవరనుకున్నావ్? వంటవాడు!"

"వంటవాడా?"

"వంటవాడే. పైగా చేతులకు సంకెళ్ళు! ఎవరో ఇన్‌స్పెక్టరట, గర్జిస్తాడు. ఇంతోటి దానికి పెళ్ళిచీర కొనుక్కుంది, పిచ్చిమొహం."

మరదలు కిలకిలా నవ్వింది. "మా నవల్లో గుర్రాల డాక్టరే హంతకుడు, తెలుసా?"

"ఏ గుర్రాల డాక్టరు?"

"ఏమోనే. ఆఖర్న ఊడిపడతాడు. అంతకుముందు నవలంతా గాలించినా గుర్రం తోక కూడా కనబడదు. అదే గొప్పంటారు జడ్జిగారు."

జిగురు రాస్తున్న మామయ్య కుంచె గాల్లోనే ఆగిపోయింది. కుంచె కొసనుంచి ఒక చుక్క ఆయన పాదం మీద పడింది. ఆయన గమనించలేదు. జీవితంలో మొదటిసారి, వృత్తిధర్మాన్ని పక్కనపెట్టి, ఒక పుస్తకం తెరిచి చదివాడు.

నూట తొంభై రెండో పేజీ చివర ఇన్‌స్పెక్టరు గదిలో అందరినీ కలియజూసి, "హంతకుడు మరెవరో కాదు," అన్నాడు. నూట తొంభై మూడో పేజీ ఇలా మొదలైంది: "గుర్రాల డాక్టరు! వానలో తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు. ఆమె పరుగున వెళ్ళి అతని గుండెల మీద వాలిపోయింది."

భార్య ఒళ్ళోని పుస్తకం లాక్కుని చూశాడు. అక్కడ ప్రియురాలు తలుపు తీసింది. "ఎదురుగా నిలబడి ఉన్నది," అని పేజీ ముగిసింది. తర్వాతి పేజీలో, "వంటవాడు! అని గర్జించాడు ఇన్‌స్పెక్టరు."

"తోకలు మారాయి," అన్నాడు మామయ్య. ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మరదలు నోరు నొక్కుకుంది. తర్వాత భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపైన ఇద్దరూ గోడకు చేరబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఇంటి యజమాని బతుకుదెరువు నట్టేట మునుగుతున్న వేళ ఇంటి ఆడవాళ్ళు అలా నవ్వడం తగునా అన్నది శాస్త్రాలు తేల్చవలసిన విషయం.

"విప్పి కుట్టెయ్యండి," అంది భార్య చివరికి. "ముందు నా డాక్టర్ని నాకు ఇప్పించండి."

"సాయంత్రానికి ఆరదే! బరువు కింద ఒక రాత్రైనా ఉండాలి."

"అయితే నోరు కుట్టుకుని కూర్చో బావా," అంది మరదలు. "సభ కానీ. రేపు గుట్టుగా సరిచేద్దాం. జడ్జిగారికి తెలిసిందో, సంచీ యంత్రం పాలే."

సభలో మామయ్య వెనక వరసలో నోరు కుట్టుకునే కూర్చున్నాడు. జడ్జిగారు లేచి, గొంతు సవరించుకుని, సుదీర్ఘంగా తీర్పు చెప్పారు. ఈ రచయిత ప్రపంచంలో ఎవరూ చేయని సాహసం చేశాడు. ఎవరి మీదా అనుమానం రాకుండా చేయాలంటే హంతకుణ్ణి నవలలోకే రానివ్వకూడదని కనిపెట్టాడు. పైగా భర్తను పోగొట్టుకున్న స్త్రీ హంతకుణ్ణి క్షమించి, వాడినే పెళ్ళాడింది. చట్టం ఓడింది, కరుణ గెలిచింది. "ముప్ఫై ఏళ్ళు న్యాయపీఠం మీద కూర్చుని నేను నేర్చుకోలేనిది ఈ పదహారు పేజీలు నేర్పాయి," అని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

టైలరమ్మ ముక్కు చీదింది. "పెళ్ళికి ఆవిడ వేసుకున్న జాకెట్టు చేతుల గురించి ఎంత బాగా రాశాడండీ! నెత్తుటి నవల్లో కుట్టుపని ఇంత వివరంగా ఎవరు రాస్తారు?"

"అది కాదండీ," అని లేచాడు కండక్టరు. "మొదటి పేజీ నుంచీ వంటవాడు కత్తి నూరుతూనే ఉన్నాడు. ఆ కత్తి ఏమైంది? హంతకుడు వంటవాడే. కావాలంటే రాసిస్తా. ఈ ముగింపు ఈ నవలది కాదు!"

సభంతా గొల్లుమంది. "ఇక వచ్చే స్టాపులో దిగిపో నాయనా," అన్నారెవరో. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. సాహిత్యం అర్థం కాకపోవడం నేరం కాకపోయినా, పుస్తకాన్ని రెండుసార్లు బల్లకేసి కొట్టడం నేరమే గనుక, కండక్టరు సభ్యత్వం రద్దు చేయాలని ప్రతిపాదించారు. చేతులు లేవసాగాయి. కండక్టరు మొహం చిన్నబోయింది. సెలవు రోజున అతనికి ఉన్న సరదా ఆ గ్రంథాలయం ఒక్కటే.

మామయ్య కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. మరదలు దూరం నుంచి కళ్ళురిమింది. ఆయన ఒకసారి తన వేళ్ళ వంక చూసుకున్నాడు. ఎండిన జిగురు పొలుసులుగా లేస్తోంది. లేచి నిలబడ్డాడు.

"కండక్టరు చెప్పిందే నిజమండీ. తప్పు నాది. రెండు పుస్తకాల ఆఖరి ఫారాలు తారుమారు చేసి కుట్టాను. హంతకుడు వంటవాడు. గుర్రాల డాక్టరు పాపం ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన వేరే నవల్లో పెళ్ళికొడుకు."

అందరూ జడ్జిగారి వైపు తిరిగారు. ఆయన మొహంలో రంగులు మారాయి. ఇప్పుడు బైండరుది తప్పని ఒప్పుకుంటే, అరగంట సేపు కళ్ళు తుడుచుకుంటూ పొగిడింది ఒక కుట్టు పొరపాటునని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆయన్ని ఆదుకుంది.

"నువ్వు ఈ నవల పూర్తిగా చదివావా?" అన్నారు గంభీరంగా.

"లేదండీ. రెండు పేజీలే."

"మొత్తం చదవనివాడి సాక్ష్యం చెల్లదు. తప్పు జరిగినట్టు ఈ సభ పరిగణించడం లేదు. సభ్యత్వం రద్దు చేసే ప్రతిపాదన కూడా ఉపసంహరించుకుంటున్నాను. కూర్చో."

మామయ్య కూర్చోబోయాడు. కండక్టరు కూర్చోనివ్వలేదు. "ఆ రెండో పుస్తకం ఎక్కడుంది మామయ్యా?"

"మా ఇంట్లో. మా ఆవిడ దగ్గర."

అంతే. సభ ముగిసిందని ఎవరూ ప్రకటించకుండానే ముగిసింది. కండక్టరు ముందు, టైలరమ్మ వెనక, కుర్చీలు పడదోసుకుంటూ జనం వీధినపడ్డారు. ఎక్కడో నిప్పంటుకుందనుకుని ఇద్దరు ముగ్గురు బకెట్లతో కలిశారు. జడ్జిగారు కూడా అదే దిక్కున నడకకు బయలుదేరారు, కాస్త త్వరగా.

మామయ్య భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పుస్తకం కొంగులో చుట్టి పట్టుకుంది. "ముందు నా పెళ్ళి చదవాలి. ఆ తర్వాతే మీ హత్య," అంది.

మరో మార్గం లేకపోయింది. కాగితం కట్టల మీద, అట్టల దొంతరల మీద, బోర్లించిన బకెట్ల మీద అందరూ సర్దుకున్నారు. మరదలు రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని, ముందు పెళ్ళి, తర్వాత అరెస్టు చదివింది. గుర్రాల డాక్టరు తలుపు దగ్గర తడిసి నిలబడగానే మామయ్య భార్య "హమ్మయ్య!" అంది. వంటవాడికి సంకెళ్ళు పడగానే కండక్టరు ఈల వేశాడు. తన సర్వీసులో బస్సు ఆపడానికి కూడా అంత గట్టిగా వేయలేదట.

"ఏమైనా అనండి," అంది టైలరమ్మ లేస్తూ, "మామయ్య ముగింపే బాగుంది."

"పిచ్చా నీకు?" అన్నాడు కండక్టరు. మళ్ళీ మొదలైంది. వీధి చివరిదాకా ఆ వాదన వినిపిస్తూనే ఉంది.

మర్నాడు మామయ్య రెండు పుస్తకాలూ విప్పి, తోకలు సరిచేసి కుట్టాడు. సోమవారం గ్రంథాలయం నుంచి సంచీ మామూలుగానే వచ్చింది. బోర్డు మీది "తప్పు లేకుండా" అన్న మాటలను ఆయన చెరిపేయబోతే భార్య ఆపింది. జడ్జిగారి తీర్పు ఉండగా చెరిపితే కోర్టు ధిక్కారమవుతుందంది.

అదే వారంలో ఒక ఉదయం జడ్జిగారు ఒంటరిగా వచ్చారు. వీధిలో అటూ ఇటూ చూసి లోపలికి అడుగుపెట్టి, చంకలోంచి ఒక లావాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది నేను రాసిందే. సరిహద్దు తగాదాల చట్టం మీద. ఇంతవరకు ఎవరూ ఆఖరిదాకా చదవలేదు," అన్నారు గొంతు తగ్గించి. "నీ దగ్గర ఎక్కడైనా... పెళ్ళితో ముగిసే ఫారం ఒకటి మిగిలి ఉంటుందా?"

మామయ్య కళ్ళజోడు సర్దుకుని, పుస్తకాన్ని బోర్లా తిప్పి, ఆఖరి పేజీ తెరిచాడు.

"నంబర్లు కలవాలి కదండీ," అన్నాడు. "చూద్దాం, ఉండండి."