రెండోసారి అడిగితే

అగ్గిపెట్టె బొమ్మలు పోగేసేవాడికి మర్యాదలేమిటని మా ఆవిడ నవ్వుతుంది. నాకు మాత్రం ఆ విషయంలో నాలుగు పేజీల నియమావళి ఉంది. నేనే రాసుకున్నాను. పంజాగుట్టలో ఒక ఆఫీసులో ఎన్నో ఏళ్లుగా ఉత్తరాలు రాసే ఉద్యోగం నాది. ఎవరికైనా కుదరదని చెప్పాల్సి వస్తే, ఆ మాట ఎక్కడా కనపడకుండా మూడు పేరాలు రాసి, చదివినవాళ్ల చేత తిరిగి కృతజ్ఞతలు కూడా చెప్పించుకోగలను. అలాంటివాణ్ణి, ముక్కూ మొహం తెలియని మనుషుల ఎదురుగా కూర్చుని బొమ్మలు మార్చుకునే పనికి నియమాలు లేకుండా ఎలా దిగుతాను?

బొమ్మలంటే అగ్గిపెట్టె మీద అంటించి ఉండే కాగితాలు. పెట్టెను కాసేపు నీళ్లలో నానేస్తే కాగితం దానంతటది జారి వస్తుంది. పాత పేపరు మీద ఆరబెట్టి, లావుపాటి పుస్తకాల కింద ఒకరోజు ఉంచితే సాపు అవుతుంది. మన దగ్గర రెండేసి ఉన్నవాటిని తీసుకెళ్లి, ఇంకొకరి దగ్గర రెండేసి ఉన్నవాటితో మార్చుకోవడం. దీనికి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ముందు అందులో ఫొటోలు పెట్టుకుంటాం. ఇద్దరికీ నచ్చితే అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద కలుసుకుని, పక్క సందులో ఇరానీ హోటల్లో కూర్చుంటాం. "పెళ్లిచూపులకి వెళ్తున్నారా?" అంటుంది మా ఆవిడ, నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే.

నియమాల సంగతి చెప్తాను. ఎదుటివాళ్ల ఆల్బంలో పేజీ మనం తిప్పకూడదు, వాళ్లు తిప్పేదాకా ఆగాలి. చిరిగిన బొమ్మ చూపిస్తే "చిరిగిందండీ" అనకూడదు. "బాగా పాతది కదూ" అనాలి. మనకు అక్కర్లేనిది ఇవ్వబోతే "ఇది నా దగ్గర ఉందండీ" అనాలి, లేకపోయినా సరే. ఒకసారి బంజారా హిల్స్ నుంచి ఒక పెద్దమనిషి రబ్బరు తొడుగులు వేసుకుని వచ్చి, భూతద్దం పెట్టి నా బొమ్మలన్నీ రోగుల్ని చూసినట్టు చూసి, ఒక్కటీ మార్చుకోకుండా వెళ్లిపోయాడు. ఆయన కోసం మూడో పేజీలో ప్రత్యేకంగా రెండు నియమాలు చేర్చాను.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇది. ఎదుటివాళ్లు మనదేదైనా చూసి బాగుందంటే "మీకు నచ్చితే ఉంచుకోండి, దానిదేముంది" అనాలి. వాళ్లు "అయ్యయ్యో, వద్దండీ" అనాలి. మనం మళ్లీ బలవంతపెట్టాలి, వాళ్లు మళ్లీ వద్దనాలి. ఆ తర్వాత ఇద్దరం తృప్తిగా టీ తాగొచ్చు. ఇది నేను కనిపెట్టింది కాదు, మా కాకినాడ వైపు ఉగ్గుపాలతోనే వస్తుంది. గుమ్మం దిగి చెప్పులేసుకుంటున్న చుట్టాన్ని "భోంచేసి వెళ్లండి" అని చెయ్యి పట్టుకుని మరీ ఆపుతాం. లోపల పొయ్యి మీద ఏమీ ఉండదు. ఆ సంగతి చుట్టానికీ తెలుసు.

ఆ పెద్ద నియమమే నన్ను ముంచింది.

ఆ రోజు వచ్చినాయన బోరబండ మనిషి. ఇళ్లకు రంగులు వేసే పని. నలభై ఏళ్లుంటాయి. చొక్కా ఉతికిందే గాని, మోచేతుల మీద లేత ఆకుపచ్చ చుక్కలు అలాగే ఉన్నాయి. నిజం ఒప్పుకోవాలి, నేను ముందు ఆయన వేళ్ల వంకే చూశాను. నా నియమావళిలో మొదటి పేజీ అంతా శుభ్రత గురించే. ఆయన మాత్రం సంచీ కుర్చీలో పెట్టి, నేరుగా కుళాయి దగ్గరకు వెళ్లి, సబ్బుతో చేతులు కడుక్కుని, జేబు రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. తర్వాత నా వేళ్ల వంక చూశాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. సమోసా తిన్నరు గద, జర చేతులు కడుక్కుంటే మంచిగుంటది."

వెళ్లి కడుక్కున్నాను. రెండుసార్లు.

తర్వాత ఆయన తన ఆల్బం తెరిచాడు. పాత ఇళ్లకు రంగు వేయడానికి వెళ్లినప్పుడు అటకలు ఖాళీ చేయిస్తారట. ఆ చెత్తలో ఇంటివాళ్లు వద్దన్న పాత అగ్గిపెట్టెలు దొరుకుతాయట. ఒక్కోదాని కింద అది ఎక్కడ దొరికిందో బాల్‌పెన్నుతో రాసుకున్నాడు. మాసబ్ ట్యాంక్, మేడ మీది అటక. పంజాగుట్ట, పూజగది అలమారా. నా నెమలికి ఆయన రైలింజను, నా రెండు చిలకలకు ఆయన రెండు దీపాలు చక్కగా మార్చుకున్నాం. ఈలోగా నేను "సార్" నుంచి "అన్న" అయిపోయాను. ఆ ఉత్సాహంలో, మార్చుకోవడానికి కాకుండా చూసి మురిసిపోవడానికి మాత్రమే ఉంచుకున్న నా చివరి పేజీ తిప్పాను.

అక్కడ ఉన్నది ఒక్కటే బొమ్మ. తొండంతో గొడుగు పట్టుకున్న ఏనుగు. ఎర్ర ఏనుగు, పచ్చ గొడుగు. నాకు ఆరేళ్లప్పుడు ఆటలమ్మ పోసి ఇంట్లోంచి కదలనివ్వకపోతే, మా అక్క అప్పుడే కొన్న నిండు అగ్గిపెట్టెలోంచి పుల్లలన్నీ గ్లాసులో పోసేసి, పెట్టెను చెంబులో నానేసి, ఆ ఏనుగును తీసి నా దిండు పక్కన పెట్టింది. గీసుకోవడానికి పెట్టె లేని పుల్లలు చూసి అమ్మ అక్క వీపు మీద రెండు వేసింది. నా దగ్గరున్న వందల బొమ్మలకు ఆ ఏనుగే మూలపురుషుడు. అక్క ఇప్పుడూ కాకినాడలోనే ఉంటుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, పెట్టేసే ముందు "నా ఏనుగు క్షేమమేనా?" అని అడుగుతుంది.

"అబ్బ! మస్తుగుందన్నా ఇది" అన్నాడు ఆయన.

నా నోరు నన్ను అడగలేదు. "మీకు నచ్చితే ఉంచుకోండి, దానిదేముంది" అనేసింది.

ఆయన తలెత్తి చూశాడు. "పక్కానా అన్నా?"

"అయ్యో, పక్కాయే! మీకంటేనా?"

ఇప్పుడు ఆయన వద్దండీ అనాలి. నేను చిరునవ్వుతో సిద్ధంగా ఉన్నాను. ఆయన చిన్న పట్టకారుతో ఏనుగును తీసి, పలచటి కాగితంలో పెట్టి, ఆల్బంలో దాచి, నా రెండు చేతులూ పట్టుకుని "శానా పెద్ద మనసన్నా మీది" అన్నాడు. నా చిరునవ్వు ఎలా తీసెయ్యాలో తెలియక ఇంటిదాకా అలాగే మోసుకొచ్చాను.

"ఉంచుకోమన్నది మీరు, ఉంచుకున్నది ఆయన. ఇందులో ఆయన తప్పేంటి?" అంది మా ఆవిడ. తర్వాత నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. "మొన్న మా పిన్నిగారిని కూడా నాలుగు రోజులుండి వెళ్లండి అన్నారు. ఆవిడా ఈయన లాంటి మనిషైతే మీ పనైపోయేది."

ఏనుగును వెనక్కి అడగాలి. అడిగినట్టు ఉండకూడదు. నా వృత్తే అది కాబట్టి ఫోన్లో మెసేజ్ రాయడానికి కూర్చున్నాను. మూడు రోజులు దిద్దాను. "నమస్కారమండీ" దగ్గర మొదలై, ఆ సాయంత్రం ఎంత ఆనందంగా గడిచిందో చెప్పి, కొన్ని వస్తువులకు మన బాల్యంతో ఎంత అనుబంధం ఉంటుందో సూచించి, మీ దగ్గర అవి భద్రంగా ఉంటాయన్న నమ్మకం వెలిబుచ్చి, త్వరలో కలుద్దామని ముగిసింది. పంపిన పది నిమిషాలకు ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది: "మస్తు ఖుషీ అయిందన్నా మీ మెసేజ్ చదివి. మా ఇంట్ల అందరికీ వినిపించిన. ఎప్పుడస్తరు మల్ల?" నా ఉత్తరం ఇంకో బహుమతి అయి కూర్చుంది.

ఆ ఆదివారం అక్క ఫోన్ చేసింది. వచ్చే నెల మోకాలికి ఆపరేషనట.

"నేను రానా అక్కా?" అన్నాను.

"నువ్వెందుకురా అంత దూరం, సెలవు దండగ చేసుకుని? మీ బావ ఉన్నారుగా" అంది.

"సరే అక్కా" అన్నాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉన్న నెల అది. ఆ మాట విన్నాక నాకు హాయిగా అనిపించిందని ఇక్కడ రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

"నా ఏనుగు క్షేమమేనా?" అంది.

"దివ్యంగా ఉంది" అన్నాను. అది అబద్ధం కూడా కాదు. బోరబండలో దివ్యంగానే ఉండి ఉంటుంది.

మళ్లీ కలవడానికి ఎక్కువ దూరం వెళ్లాల్సిన పని లేకపోయింది. ఆయనకు పంజాగుట్టలో, మా ఆఫీసు వెనక సందులోనే ఒక అపార్ట్‌మెంటుకు రంగు వేసే పని తగిలింది. మధ్యాహ్నం భోజనాల వేళ చాయ్ బండి పక్కన బల్ల మీద కూర్చున్నాం. ఉత్త చేతులతో వెళ్లకూడదు కాబట్టి నా దగ్గరున్న మంచి బొమ్మలు రెండు కవర్లో పెట్టుకుని వెళ్లాను. పోయినదాన్ని తెచ్చుకోవడానికి ఇంకో రెండు పోగొట్టుకునే తెలివి నాది.

ఆయన చేతులు కడుక్కున్నాడు. నేనూ చెప్పించుకోకుండా కడుక్కున్నాను. ఆల్బం తెరిచాడు. మొదటి పేజీలోనే ఏనుగు. కింద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "అమీర్‌పేట అన్న ప్రేమతోని ఇచ్చిండు."

"నాకు ఇప్పటిదాకా ఉత్తగ ఎవ్వలు ఇయ్యలేదన్నా. అందరు పారేస్తె ఏరుకున్నయే. అందుకే మొదట పెట్టిన" అన్నాడు.

ఇంక అడిగే దారి మూసుకుపోయింది. టీ చల్లారిపోతోంది. నేను ఏనుగు వంకే చూస్తూ "బాగా పాతది కదూ" అన్నాను. దాని మీద ఒక్క చిరుగు కూడా లేదు.

ఆయన నన్ను చూశాడు, ఏనుగును చూశాడు.

"గిది వాపస్ కావాల్నా అన్నా?"

"అబ్బే! ఎంత మాట!"

"పక్కానా?"

ఈసారి ఆయన పట్టకారు తియ్యలేదు. జవాబు కోసం చూస్తూ కూర్చున్నాడు. "మా ఇంట్ల ఒక పద్ధతి ఉంటదన్నా" అన్నాడు మెల్లగా. "మొదటిసారి ఏమన్నా అనొచ్చు, అది మర్యాద. రెండోసారి అడిగినమంటే నిజం చెప్పాలె. మనసుల మాట తెల్సుకుందామనే మల్ల అడుగుతం. గా దినం సుత అందుకే అడిగిన."

నేను రెండోసారీ వద్దనాల్సిన ఊరివాణ్ణి. ఆయన రెండోసారి నిజం చెప్పాల్సిన ఇంటివాడు. ఇద్దరం మర్యాదస్తులమే. ఏనుగు మధ్యలో చిక్కుకుంది.

"కావాలండీ" అన్నాను. మూడు పేరాలు లేవు, ఒక్క మాటే. "అది మా అక్క ఇచ్చింది."

ఆయన పకపకా నవ్వాడు. "గీ ఒక్క ముక్క చెప్పనీకి అంత పెద్ద మెసేజా! మా వాళ్లు దాన్ని కవిత్వం అనుకున్నరు!" అంటూ ఏనుగును తీసి నా కవర్లో పెట్టాడు. ఖాళీ అయిన చోట, పాత మాట కొట్టెయ్యకుండా, దాని కింద పెన్నుతో రాశాడు: "అన్న వాపస్ తీస్కపోయిండు. అక్కదంట." నేను తెచ్చిన రెండు బొమ్మలూ ముందుకు జరిపి, ఇవి మాత్రం ఉంచుకోండి అన్నాను. పక్కానా అని అడిగాడు. పక్కా అన్నాను. అంత నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇంకో చాయ్ తాగుతరా?"

"వద్దండీ" అన్నాను. ఆయన ఏమీ అనకుండా కనుబొమ్మ ఎగరేశాడు. "తాగుతాను" అన్నాను.

ఆఫీసుకు తిరిగి వెళ్తూ మెట్రో మెట్ల దగ్గర ఆగిపోయాను. చొక్కా జేబులో ఏనుగు ఉంది. రానా అక్కా అని నేను అడిగింది ఒక్కసారే. ఆవిడా కాకినాడ మనిషే. గుమ్మం దాకా వచ్చి భోంచేసి వెళ్లమనే ఇంట్లోనే ఆవిడా పుట్టింది. అది తెలిసీ, ఆ వద్దును పట్టకారుతో తీసి భద్రంగా దాచుకున్నాను. ఆదివారం కాకపోయినా ఫోన్ చేశాను.

"ఏంట్రా, ఈ వేళప్పుడు?" అంది కంగారుగా.

"ఆపరేషన్‌కి రానా అక్కా?"

"చెప్పాను కదరా, నీకెందుకు శ్రమ? మీ బావ ఉన్నారు."

"పక్కానా?"

"పక్కా ఏంట్రా! పూర్తిగా హైదరాబాదువాడివైపోయావు" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఊరుకున్నాను, చాయ్ బండి దగ్గర ఆయన నా ముందు కూర్చున్నట్టే. అటువైపు నవ్వు ఆగింది. ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపించింది, అది కూడా ఆగింది.

"రారా" అంది. "నాకు భయంగా ఉంది."